తిట్టు, త్రూ ప్రాపర్ ఛానెల్

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. మా విభాగం తిట్లకు వ్యతిరేకం కాదు. పని లేనివాళ్ళెవరో బయట అలా ప్రచారం చేస్తున్నారు. మేము తిట్లను క్రమబద్ధం చేశాం, అంతే. క్రమబద్ధం చేయడానికీ నిషేధించడానికీ తేడా తెలియనివాళ్ళకి ప్రభుత్వం ఎలా నడుస్తుందో తెలియదు. ఆ నియమావళి చిత్తుప్రతి రాసింది నేనే గనక కామాలతో సహా నాకు గుర్తుంది.

నా పేరు భుజంగరావు. జిల్లా విపత్తు సన్నద్ధత శిక్షణా విభాగంలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంట్ని. మా విభాగం పేరు పూర్తిగా పలికేసరికి ఏ విపత్తయినా సగం సద్దుమణుగుతుందని మావాళ్ళే వేళాకోళం చేస్తుంటారు. మా జిల్లాకి ఒక పక్క గోదావరి, మిగతా పక్కలా కాలవలు. ఏటా శ్రావణం వచ్చేసరికి లంక గ్రామాలు నీళ్ళలో నిలబడతాయి. అప్పుడు మేము పడవలెక్కి వెళ్ళి, ఎవరూ భయపడవద్దని ప్రజలను కోరతాం. కోరుతున్నంతసేపూ పడవ అంచు రెండు చేతులతో పట్టుకునే ఉంటాం. ఎందుకంటే మాలో ఒక్కరికీ ఈత రాదు.

గోదావరి ఒడ్డున పుట్టి ఈత రాకపోవడమేమిటని అడక్కండి. చదువుకునే పిల్లల్ని కాలవ ఛాయలకి పోనివ్వకపోవడం మా ఇళ్ళలో పెంపకం కింద లెక్క. కాలవలో దూకిన పిల్లలందరికీ ఈత వచ్చింది. దూకకుండా ఇంట్లో కూర్చుని చదివినవాళ్ళం పరీక్షలు పాసై, ఉద్యోగాలు తెచ్చుకుని, వరద డ్యూటీకి వచ్చాం.

కిందటేడు ఒక తహసీల్దారు గారు పడవలోంచి జారి, ఈదుకుపోతున్న గేదె తోక పట్టుకుని గట్టెక్కారు. పేపరువాళ్ళు ఫోటో వేశారు. ఫోటోలో గేదె ముందుంది, ప్రభుత్వం వెనకుంది. పైవాళ్ళకి అది నచ్చలేదు. వరద డ్యూటీ పడే ప్రతి ఉద్యోగీ, హోదాతో నిమిత్తం లేకుండా, గోదావరి పెరిగేలోపు ఈత నేర్చుకుని తీరాలని ఉత్తర్వు వచ్చింది. హోదాతో నిమిత్తం లేకుండా అన్న మాట సర్కారు కాగితం మీద చూడడం నాకు అదే మొదలు. గొడవంతా అక్కడే పుట్టింది.

వేసవిలో మునిసిపల్ కొలనులో తరగతులు పెట్టారు. నేర్పడానికి క్రీడల శాఖ నూకరత్నం అనే కోచ్‌ను పంపింది. భీమిలి వైపు మనిషి. ఒకప్పుడు జాతీయ పోటీల్లో ఈదింది. మొదటి రోజే తన పతకాలన్నీ మెడలో వేసుకొచ్చి, చూడనివాళ్ళెవరైనా ఉంటారేమోనని మా ముందు అటూ ఇటూ నాలుగు చుట్లు తిరిగింది. ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీదే ఉంది. ఈ శిక్షణ సజావుగా ముగిస్తే పర్మనెంటు చేస్తామని మాట ఇచ్చారట. ఆ మాట మీదే మా ఊరు వచ్చింది.

నూకరత్నానికి ఒక పద్ధతుంది. గట్టు మీద ఉన్నంతసేపూ మమ్మల్ని బాబూ అనేది. నీళ్ళలో దిగామంటే ఒరే.

"నీట్లో మనిసికి రెండే దార్లు బాబూ," అని మొదటి రోజే చెప్పింది. "నీటికి భయపడతాడు, నేకపోతే నాకు భయపడతాడు. నాకు భయపడినోడు తేల్తాడు."

తిట్టడంలో ఆమె ఎవరికీ లోటు చేయలేదు. గుమ్మడికాయ, వంకాయ, సన్నాసి, సచ్చినోడా. అచ్చులో పెట్టదగినవి మాత్రమే పెడుతున్నాను. ఆ తిట్లకి జనం నిజంగానే తేలడం మొదలుపెట్టారు. వ్యవసాయ శాఖలో బుల్లబ్బాయి అని ఒక అటెండరున్నాడు. యాభై దాటిన మనిషి. వాళ్ళ నాన్న స్కూలు మాస్టారు కావడంతో అతనికీ కాలవ నిషేధమే. అతను వారం తిరక్కుండా కొలను ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళి, తిరిగి కూడా వచ్చాడు.

నా సంగతి వేరు. నీళ్ళలో దిగగానే నా కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయేవి. ఒకరోజు నేను మునుగుతుంటే నూకరత్నం గట్టు మీంచి, "ఒరే దున్నపోతా! కాళ్ళాడించు!" అని అరిచింది. నా కాళ్ళు నన్ను అడక్కుండానే కదిలాయి. ఒక్క క్షణం తేలాను. అవమానం, ఆనందం ఒకేసారి కలిగాయి. అవమానం గురించి ఆఫీసులో అందరికీ చెప్పాను. ఆనందం గురించి ఎవరికీ చెప్పలేదు.

ఆ మర్నాడే వ్యవసాయ శాఖ డిప్యూటీ డైరెక్టర్ అనంతపద్మనాభం గారు తడి తువ్వాలు చుట్టుకుని తిన్నగా మా ప్రత్యేకాధికారి గదిలోకి వచ్చేశారు. మా ప్రత్యేకాధికారి కోదండపాణి గారు. విభాగానికి అధిపతి. ఆయన ముందు నేను ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాను.

"నన్ను గుమ్మడికాయ అందండీ," అన్నారు పద్మనాభం గారు.

"మిక్కిలి శోచనీయం," అన్నారు కోదండపాణి గారు.

"అననివ్వండి. కాయే కదా, మా శాఖకి చెందిందే. కానీ అదే ఊపిరిలో మా అటెండరు బుల్లబ్బాయిని కూడా గుమ్మడికాయే అందండీ! ఇద్దరికీ ఒకే కాయా? ఇన్నేళ్ళు సర్వీసు చేసి, డిపార్టుమెంటు పరీక్షలు రాసి, బదిలీల మీద బదిలీలు తిరిగి నేను సాధించిందేమిటండీ మరి?"

కోదండపాణి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. విషయం లోతైనదైతే ఆయన అలా చేస్తారు. "అనగా తమ అభ్యంతరం తిట్టు మీద కాదు. తిట్టులో సమానత్వం మీద," అన్నారు. పద్మనాభం గారి కళ్ళు చెమర్చాయి. తన బాధని అంత బాగా అర్థం చేసుకున్నవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరన్నారు.

వెంటనే వయోజన శిక్షణలో పరుష పదజాల వినియోగంపై అధ్యయన సంఘం ఏర్పడింది. ఏసీ హాల్లో కూర్చుని, ప్లేట్లలో జీడిపప్పు ముందు పెట్టుకుని, పెద్దవాళ్ళకి చదువు చెప్పేటప్పుడు తిట్టవచ్చా లేదా అని చర్చించాం. మనస్తత్వశాస్త్రం తెలిసిన ఒకాయన్ని ప్రత్యేకంగా పిలిపించాం. "పిల్లవాణ్ణి తిడితే ఏడుస్తాడు. పెద్దవాణ్ణి తిడితే సెలవు పెడతాడు," అన్నారాయన. అందరూ రాసుకున్నారు. ఆయన సూచన మీద ప్రయోగాత్మకంగా కొన్నాళ్ళు తిట్లు ఆపించి చూశాం. ఆ కొన్నాళ్ళూ నేర్చుకునేవాళ్ళంతా మర్యాదగా మునిగారు, మర్యాదగా తేలేశారు గుడ్లు.

చివరికి నూకరత్నాన్ని వాంగ్మూలానికి పిలిచారు. ఆమె పతకాలతో సహా వచ్చింది.

"నానేటి సేసీది బాబూ?" అంది. "ములిగిపోతన్నోడికి, తమరు దయసేసి కాళ్ళాడించవలసిందిగా అని మొదలెట్టి పూర్తి సేసీసరికి ఆడు అడుక్కెల్లిపోతన్నాడు. తిట్టు అయితే బేగి సేర్తాది."

కోదండపాణి గారు చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పారు. "తిట్టు అనునది ఒక శిక్షణోపకరణం. ఉపకరణాన్ని ప్రభుత్వం నిషేధించజాలదు. అయితే దాని పంపిణీ హోదాను అనుసరించి జరుగవలసి ఉన్నది."

ఆ హోదాల వారీ పంపిణీని కాగితం మీద పెట్టే బాధ్యత నాకప్పగించారు. నాలుగో తరగతి ఉద్యోగులకు ప్రస్తుతం అమలులో ఉన్న తిట్లన్నీ యథాతథం. గుమాస్తాలకు కాయలు మాత్రమే, జంతువులు ఉండవు. ఆపై స్థాయి అధికారుల్ని కోచ్ నేరుగా తిట్టకూడదు. అధికారిని తిట్టే అధికారం అతని పై అధికారికే ఉంటుంది గనక, కోచ్ ముందుగా తిట్టు ప్రతిపాదన పంపాలి. అది త్రూ ప్రాపర్ ఛానెల్ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌కి వచ్చి, పరిశీలన జరిగి, ప్రత్యేకాధికారి ఆమోదం పొందాక, సదరు తిట్టు సీల్డు కవరులో సంబంధిత అధికారికి అందుతుంది. ఇక గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్న వచ్చింది. గీసే కలం నా చేతిలో ఉంది. సూపరింటెండెంటుకి సరిగ్గా కింద గీశాను.

నీళ్ళలో అందరూ ఒకేలా ఉంటారు గనక, ఎవరు ఎవరో కోచ్‌కి తెలియడానికి టోపీలు ఇచ్చాం. నేరుగా తిట్టదగినవారికి నల్లటోపీ, తిట్టకూడనివారికి ఎర్రటోపీ. ఎర్రటోపీ పెట్టుకున్న రోజు మా ఆవిడకి ఫోటో పంపాను. చాలా బాగుందండీ అంది. నాలుగు రోజులు గడిచేసరికి కొలను చూస్తే నీళ్ళ మీద నల్లటోపీలు చకచకా తిరుగుతున్నాయి. ఎర్రటోపీలు కనబడాలంటే వంగి అడుగుకి చూడాలి.

అమలు మాత్రం పకడ్బందీగా జరిగింది. ఒక్క ఉదాహరణ చెబుతాను. మా సెక్షన్లో పరంధామయ్య అనే సీనియర్ అసిస్టెంటు నల్లటోపీతో చక్కగా ఈదుతుండేవాడు. ఇంతలో అతనికి సూపరింటెండెంటుగా ప్రమోషను వచ్చింది, అదీ వెనకటి తేదీ నుంచి అమలయ్యేలా. అంటే ఆ తేదీ తర్వాత అతను తిన్న తిట్లన్నీ చెల్లవు. నూకరత్నాన్ని పిలిచి ఉపసంహరించుకోమన్నాం. ఆమె అతన్ని గట్టు మీద నిలబెట్టి, "వంకాయన్నాను, ఎనక్కి తీసుకున్నాను. సొరకాయన్నాను, అదీ ఎనక్కి తీసుకున్నాను. నీ జిమ్మడ అన్నాను, నీ జిమ్మ నీకాడే ఉంచుకో బాబూ," అని వరసగా అన్నీ వాపసు తీసుకుంది. పరంధామయ్య చేతులు కట్టుకుని స్వీకరించాడు. మర్నాటి నుంచి మునగడం మొదలుపెట్టాడు. ఒక నియమం అంత తూచా తప్పకుండా అమలు కావడం నా సర్వీసులో ఇంకెప్పుడూ చూడలేదు.

కొన్నాళ్ళకి ఎర్రటోపీల్లో అసంతృప్తి బయలుదేరింది. తక్కువ హోదావాళ్ళకి దొరుకుతున్న తిట్లు తమకెందుకు అందడం లేదని గుసగుసలు. అనంతపద్మనాభం గారైతే ఒకరోజు బుల్లబ్బాయి నల్లటోపీ అడిగి పెట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని నీళ్ళలో దిగుతూ దొరికిపోయారు. పొరపాటున మారిందన్నారు. రెండు టోపీలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే, తనకి ఈమధ్య రంగులు సరిగా ఆనడం లేదన్నారు.

నా పరిస్థితీ అంతే. ఆషాఢం దగ్గర పడుతోంది. లంకలకి వెళ్ళే మొదటి పడవ డ్యూటీ నాకు వేశారు. నేను రోజూ పొద్దున్నే దిగడం, మునగడం, బుల్లబ్బాయి జబ్బ పట్టుకుని లాగడం. గట్టు మీద నూకరత్నం పళ్ళు బిగబట్టి, పిడికిళ్ళు బిగించి, నోరు మూసుకుని నిలబడేది. నావైపు చూసే ఆ చూపులో తిట్టంతా కనబడేది. కానీ చూపుకి కాళ్ళు కదల్లేదు.

చివరికి ఆమె నా మీద ప్రతిపాదన పంపింది. సూపరింటెండెంటు భుజంగరావు గారు నీటిలో కాళ్ళు బిగబట్టి ఉంచుచున్నందున వారిని దున్నపోతు అని సంబోధించుటకు అనుమతి కోరడమైనది. అది త్రూ ప్రాపర్ ఛానెల్ నా బల్ల మీదికే వచ్చింది. నా మీద ప్రతిపాదన గదా అని గుడ్డిగా పైకి పంపేస్తే పక్షపాతం అంటారు. అందుకని కొర్రీ వేశాను. దున్నపోతు అన్నది శరీరమును ఉద్దేశించియా, ప్రవర్తనను ఉద్దేశించియా, స్పష్టపరచగలరు. రెండూ అని జవాబు వచ్చింది. ఇదివరలో సూపరింటెండెంటు హోదా కలవారిని ఈ విధముగా సంబోధించిన పూర్వోదాహరణ జతపరచగలరని ఇంకో కొర్రీ వేశాను. దానికి జవాబు రాలేదు. ఫైలు నా సొరుగులో పెట్టుకున్నాను.

"ఏవండీ, ఈత వచ్చిందా?" అని మా ఆవిడ రోజూ అడిగేది.

"ఫైలు నడుస్తోంది," అనేవాణ్ణి.

ఫైలు నడుస్తుండగానే గోదావరి వచ్చేసింది. పైన వానలు కురిసి, ఆనకట్ట దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. అన్నం పొట్లాల మూటలతో పడవెక్కాను. ఎర్రటోపీ పెట్టుకున్నాను, నియమం గనక. లైఫ్ జాకెట్లు లేవు. కొత్తవి వచ్చాయి గానీ స్టాకు రిజిస్టరులో ఎక్కేవరకూ బయటికి తీయకూడదు. బుల్లబ్బాయి నా పక్కనే కూర్చున్నాడు. నూకరత్నాన్ని కూడా వరద డ్యూటీకి వేసినందువల్ల మా వెనకే ఇంకో పడవలో, మెడలో విజిలుతో వస్తోంది.

లంక దగ్గర పడేసరికి మునిగున్న కొబ్బరి మొద్దు ఏదో తగిలి పడవ ఒక పక్కకి ఒరిగింది. అన్నం పొట్లాలు నిలిచాయి, నేను పడ్డాను.

ఎర్రనీళ్ళు నోట్లోకి, ముక్కులోకి వెళ్ళాయి. కాళ్ళు మామూలుగానే బిగుసుకున్నాయి. పైకొచ్చి ఒకసారి, మళ్ళీ పైకొచ్చి ఒకసారి ఆకాశం చూశాను. మా ఆవిడ గుర్తొచ్చింది. ఆ వెంటనే సొరుగులో ఉన్న ఫైలు గుర్తొచ్చింది. నన్ను బతికించే ఒక్క మాట మీద నేనే కొర్రీ వేసి కూర్చున్నానని అప్పుడు తెలిసింది. బతికితే చాలు దేవుడా, ఆ ఫైలు క్లియర్ చేసేస్తానని మొక్కుకున్నాను.

"కాళ్ళాడించరా దున్నపోతా!"

గోదావరి హోరు మీంచి వచ్చింది ఆ గొంతు. "నీ ఎర్రటోపీ తగలెయ్య! నీ కొర్రీలు కాకులెత్తుకుపోను! సచ్చిపోతావురా సన్నాసీ! ఆడించు! ఆడించరా!"

ఆ తర్వాత ఆమె అన్నవి రాయలేను. మా సెక్షన్నీ, మా వంశాన్నీ, నేను సర్వీసులో చేరిన రోజునీ వదల్లేదు. ఎర్రటోపీల కోసం అన్నాళ్ళు దాచిపెట్టుకున్నదంతా ఒక్కసారే నా మీద దింపింది. నా కాళ్ళు కదిలాయి. తన్నాను. ఇంకా తిట్టింది, ఇంకా తన్నాను. బుల్లబ్బాయి దూకి జుట్టు పట్టుకునేసరికి నేను నిజంగానే ఈదుతున్నానట.

పడవలోకి లాగాక నూకరత్నం తన పడవలోంచి మా పడవలోకి దూకింది. నా వీపు తట్టి నీళ్ళు కక్కించింది.

"బతికీసినావా బాబూ," అంది. నేను తలూపాను. ఆమె పడవలో చతికిలబడి కొంగుతో మొహం కప్పుకుంది. "అయిపోనాది. నా పర్మనెంటు అయిపోనాది. ఎర్రటోపీ మీద అరిసీసినాను, ఊరంతా ఇనీసింది."

నేను పసిపిల్లాడిలా ఏడ్చాను. సిగ్గుపడలేదు.

ఆమె అన్నట్టే అయింది. ప్రతిపాదన పెండింగులో ఉండగా, అనుమతి లేకుండా, బహిరంగంగా, నదిలో, ఎర్రటోపీ ధరించిన అధికారిని దూషించినందుకు విచారణ మొదలైంది. నన్ను వాంగ్మూలం ఇమ్మన్నారు. ఆమె ఉద్యోగం పోకూడదని నాకు గట్టిగా ఉంది. బాగా ఆలోచించి, తెలివిగా రాశాననుకున్నాను. నన్ను ఎవరూ తిట్టలేదు. నేను స్వయంకృషితో ఈదుకొని ఒడ్డు చేరితిని.

కోదండపాణి గారు అది చదివి కుర్చీలోంచి లేచారు. ఆయన లేవడం మేమెవరం అదివరకు చూడలేదు.

"అద్భుతం భుజంగరావు గారూ! అనగా తిట్టు ప్రమేయం లేకుండానే ఒక అధికారి వరద గోదావరిలో ఈదినట్లు రుజువైనది. తిట్టు అవసరమే లేనప్పుడు, తిట్టుటకై ఒక పోస్టు కొనసాగించుట ప్రజాధన దుర్వినియోగం అవుతుంది."

సాయంత్రానికల్లా నూకరత్నం పోస్టు రద్దయింది. తిట్లు లేకుండా ఈత నేర్చిన తొలి అధికారిని గనక ఆ స్థానంలో ఇన్‌ఛార్జి కోచ్‌గా నన్నే వేశారు. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. ఆమెని కాపాడబోయి నేనే ముంచాను.

తిట్టురహిత ఈత శిక్షణ ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. కోదండపాణి గారే మొదటగా కొలనులో దిగుతానన్నారు. మెడలో బంతిపూల దండ, నెత్తిన ఎర్రటోపీ. గట్టు మీద అధికారులు, ఉద్యోగులు, పేపరువాళ్ళు. ఆయన లోతు లేని వైపే మెట్లు దిగి, చప్పట్ల మధ్య నీళ్ళమీదికి వాలారు. వాలాక ఏం చేయాలో ఎవరూ చెప్పి ఉండలేదు. చేతులు కొట్టుకోవడం, నీళ్ళు మింగడం మొదలైంది.

అక్కడ నీళ్ళు నడుం దాకానే. లేచి నిలబడితే సరిపోతుంది. కానీ ఆ మాట ఆయనకి చెప్పేదెవరు? కూర్చో, నిలబడు అన్నవి ఆయన మాకు చెప్పే మాటలు. మేము ఆయనకి చెప్పేవి కావు. అందరం చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డాం. దిగి పట్టుకోబోయిన బుల్లబ్బాయిని, అధికారి అనుమతి లేకుండా ఒంటి మీద చెయ్యి వేస్తావా అని పద్మనాభం గారు ఆపేశారు. ఎవరో కలెక్టరు గారికి ఫోన్ చేశారు, ఆయన మీటింగులో ఉన్నారన్నారు. నేను కోచ్‌ని గనక నా విధి నేను నిర్వర్తించాను. "పూజ్యులైన ప్రత్యేకాధికారి గారి దివ్యసముఖమునకు విన్నవించునది ఏమనగా..." అని గట్టిగానే మొదలుపెట్టాను. ఏమనగా అనేసరికి ఆయన రెండోసారి మునిగారు.

గేటు దగ్గర నూకరత్నం కనబడింది. రావలసిన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్టు కోసం వచ్చినట్టుంది. నేను ఆమెవైపు చూశాను. ఆమె నన్నూ, నీళ్ళనీ చూసింది.

"నాకేటి బాబూ," అంది. "నాను మీ ఉజ్జోగస్తురాల్ని కాను గదా." సంచీ కింద పెట్టి గట్టు మీదికి వచ్చింది. "ఒరే ఎర్రి గుమ్మడికాయా! లెగిసి నిలబడరా! నడుం లోతు నేదు, నీ తెలివి తెల్లారిపోను! లెగు!"

కోదండపాణి గారు ఠక్కున లేచి నిలబడ్డారు. నీళ్ళు నడుం దగ్గర ఆగాయి. దండ విడిగా తేలుతోంది.

"భుజంగరావు గారూ," అన్నారాయన దగ్గుతూ, "ఈమెను తక్షణమే ఉద్యోగంలోకి తీసుకోండి."

నా గుండె ఉప్పొంగింది. "సార్, తమది పెద్ద మనసు."

"మనసు కాదయ్యా! ఉద్యోగంలో లేని మనిషిపై క్రమశిక్షణా చర్య ఎటుల తీసుకొందుము? నియమించండి, తక్షణం సస్పెండ్ చేయండి."

ఒక్క క్షణం ఊరుకుంటే సరిపోయేది. కానీ నేను ఎస్టాబ్లిష్‌మెంట్ మనిషిని. సర్వీసులో మొదటిసారిగా ఆ చదువు ఎందుకైనా పనికొస్తుందనిపించింది. "చిన్న ఇబ్బంది సార్," అన్నాను వినయంగా. "కాంట్రాక్టు ఉద్యోగులకి క్రమశిక్షణ నియమావళి వర్తించదండి. తీసేయడమే గానీ విచారణ జరిపే వీలు లేదు."

"అయితే పర్మనెంటు చేయండి!" అని గర్జించారు కోదండపాణి గారు నడుం లోతు నీళ్ళలోంచి.

ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు రాశాను. మొదటి పేరాలో పర్మనెంటు, రెండో పేరాలో సస్పెన్షను. సస్పెన్షనులో ఉన్నవాళ్ళు రోజూ హాజరై సంతకం పెట్టాలి గనక, సంతకం పెట్టే చోటు మునిసిపల్ కొలను అని మూడో పేరా కలిపాను. విచారణాధికారిని నేనే. విచారణ ముందుకి సాగాలంటే ఫిర్యాది తనను ఏమని తిట్టారో, ఆ తిట్టు పూర్తి పాఠాన్ని స్వదస్తూరీతో రాసి, నలుగురు సాక్షుల ఎదుట చదివి, సంతకం చేసి పంపాలని కోదండపాణి గారికి కొర్రీ పంపాను. జవాబు ఇంకా రాలేదు. రావాలన్న తొందర కూడా నాకు లేదు. ఫైలు నా సొరుగులో భద్రంగా ఉంది.

నూకరత్నం రోజూ పొద్దున్నే వస్తుంది. పతకాలు వేసుకునే వస్తుంది. సంతకం నిమిషంలో అయిపోతుంది. ఆ తర్వాత ఊసుపోక గట్టు మీద నిలబడి, నీళ్ళలో ఎవరు కనబడితే వాళ్ళని తిడుతుంది. సస్పెన్షనులో ఉన్న మనిషి అన్న మాటలకి శాఖాపరమైన విలువ లేదు గనక ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఎర్రటోపీలు ఎప్పుడు ఎటు పోయాయో తెలియదు, స్టాకులో తక్కువొచ్చాయని రాసుకున్నాం. పద్మనాభం గారూ బుల్లబ్బాయీ పక్కపక్కనే ఈదుతున్నారు, ఇద్దరూ గుమ్మడికాయలే.

నిన్న నేను ఆగకుండా ఆ చివరకి వెళ్ళి తిరిగి వచ్చాను. గట్టు పట్టుకుని రొప్పుతూ తలెత్తి చూశాను. నూకరత్నం వంగి నావైపు చూసింది.

"పరవానేదురా దున్నపోతా," అంది.

గారు అనలేదు.